జగ్గారావు గొంతుకి గ్యారంటీ

"ఖరగ్‌పూర్ వెళ్ళు. ఒక దెయ్యాన్ని పట్టుకోవాలి," అన్నాడు చీఫ్ శంకరనారాయణ.

ఏజెంట్ అమర్‌నాథ్ నవ్వలేదు. చీఫ్‌కి జోకులు రావు.

రైల్వే యార్డు కనిపించే హోమ్‌స్టేలకి ఒక విదేశీ కంపెనీ డ్యామేజ్ గ్యారంటీ ఇస్తోంది. అతిథులు ఏది పగలగొట్టినా నష్టం కంపెనీదే; బదులుగా గదిలో వాళ్ళ సెన్సార్ పెట్టనివ్వాలి. ఆ సెన్సార్ చూసేది గదిని కాదు, యార్డులో ఆగే మిలిటరీ రైళ్ళని. రేపటి నుంచి ఇన్సూరెన్స్ లైసెన్సు లేకుండా గ్యారంటీలు అమ్మకూడదని కొత్త రూలు. అందుకే ఈలోగా గదుల్నే లీజుకి రాయించుకుంటున్నారు. మిగిలింది రత్నం మేడగది ఒక్కటే. భర్త, రైల్వే వర్క్‌షాప్ ఫిట్టర్ జగ్గారావు పోయాక ఆ గది అద్దే ఆమె బతుకు.

"ఇప్పుడు జగ్గారావే వచ్చి, గది ఇచ్చెయ్యమంటున్నాడట," అన్నాడు చీఫ్. "కంపెనీలో మన మనిషి మౌనిక ఉంది. సాయం చేస్తుంది."

సాయంత్రానికి అమర్‌నాథ్ ఏసీ మెకానిక్ వేషంలో ఆ గదిలో, రత్నం ఎదుట ఉన్నాడు. కొక్కేనికి జగ్గారావు ఖాకీ చొక్కా. గాలి లేకపోయినా అది మెల్లగా ఊగుతోంది.

పట్టుచీరలో, టాబ్లెట్‌తో మౌనిక వచ్చింది. లీజు కాగితం తెరిచి, వేలిముద్ర వెయ్యమని టాబ్లెట్‌ని రత్నం ముందు బల్ల మీద పెట్టి, అమర్‌నాథ్ వెనక్కి వచ్చి నిలబడింది.

"గ్యాస్ నింపాలా?" కోడ్ అడిగాడు.

"ఫిల్టర్ చాలు." జవాబు సరిపోయింది. వెంటనే పైట చాటు నుంచి పిస్టల్ అతని వీపుకి తగిలింది. "కదలకు," అంది గుసగుసగా. రెండో చేతిలోని ఫోన్ మీద ఆమె బొటనవేలు చకచకా కదిలింది.

గోడలోంచి గొంతు లేచింది. జీరగా, అలసటగా. "గది ఇచ్చీ..."

రత్నం కళ్ళు తుడుచుకుంటూ టాబ్లెట్ మీదికి వేలు చాచింది. అంతలో ఆగింది. మౌనిక విసుగ్గా ఇంకో ముక్క టైప్ చేసింది.

"రత్నం, వేలెట్టీ."

వేలు వెనక్కి వచ్చేసింది.

"పెళ్ళయిన కాడ్నించి మా ఆయన నన్ను పేరెట్టి పిల్లేదు," అంది రత్నం నెమ్మదిగా. "ఒలే అంటే ఒలే. నువ్వెవుడివిరా?"

గొంతు వస్తున్న సెన్సార్‌ని గోడ నుంచి పీకి నేలకేసి కొట్టింది. మౌనిక ఉలిక్కిపడిన ఆ క్షణం అమర్‌నాథ్‌కి చాలు. పిస్టల్ అతని చేతిలోకి వచ్చింది.

పగిలిన వాష్‌బేసిన్ క్లెయిమ్ కోసం జగ్గారావు ఒకప్పుడు హెల్ప్‌లైన్‌కి చేసిన కాల్ నుంచే ఆ గొంతు తయారుచేశామని మౌనిక ఒప్పుకుంది. పెళ్ళాన్ని ఏమని పిలుస్తాడో ఆ కాల్‌లో లేదు.

పోలీసులు ఆమెని తీసుకెళ్ళారు. సెన్సార్ ముక్కలు అమర్‌నాథ్ జేబులో ఉన్నాయి. ఖాకీ చొక్కా మళ్ళీ ఊగింది.

"ఒలే, టీ ఎట్టు."

రత్నం వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి నడిచింది.

ఫోన్‌లో చీఫ్. "దెయ్యం దొరికిందా?"

"ఒకటి దొరికింది సార్. రెండోది ఇంటాయన. లైసెన్సు అడిగే ధైర్యం నాకు లేదు."