ముడి విప్పని కవరు

పున్నమ్మగారి నోటికి నూజివీడు చుట్టుపక్కల తోటల్లో గొప్ప పేరుంది. ఆ నోటికి జడిసి మామిడికాయ కూడా ఆవిడ అనుమతి లేకుండా రాలదని కూలీలు చాటుగా నవ్వుకునేవారు.

ఆవిడకి తెలియని సంగతి లోకంలో లేదు. నిరుడు కోడలు ప్రవల్లికకి నాలుగో నెలలో కడుపు పోయింది. "వేడి సాంబారు, టీ ప్లాస్టిక్ కవర్లలో తెచ్చుకోకండమ్మా. కంటికి కనబడని ప్లాస్టిక్ ముక్కలు కడుపులో బిడ్డని అంటిపెట్టుకునే మాయలో కూడా దొరుకుతున్నాయి. కడుపు పోవడానికి అదే కారణమని చెప్పలేను గానీ జాగ్రత్త మంచిది," అంది డాక్టరమ్మ.

పున్నమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. "ఆడలేక మద్దెల ఓడంది వెనకటికొకతె. మొయ్యడం చేతగానిదానికి కవర్లు సాకు!" అని కోడలి మొహం మీదే అనేసింది. మర్నాడు పొద్దున్నే హోటలు ఇడ్లీ, కవర్లో పొగలు కక్కే సాంబారు మామూలే.

ఆసుపత్రి వాళ్ళు ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చిన పిండాన్ని తోటలో చివరి చెట్టు కింద పూడ్చమంది పున్నమ్మ. తోటపని చేసే వెంకటలక్ష్మి తెల్లగుడ్డ అడిగింది. "బిడ్డ మట్టికి ఆనాలండమ్మా."

"దానికి పట్టుబట్టలు కూడానా? ఆ కవరుతోనే పడెయ్," అని పున్నమ్మ ముడి తనే బిగించింది. అంత ప్రేమగల నాయనమ్మ!

ఇప్పుడు ప్రవల్లికకి మళ్ళీ అయిదో నెల. ఈ బిడ్డయినా నిలవాలని ఆ పిల్ల మొక్కని దేవుడు లేడు. ఇంతలో కూలీలు ఆ చివరి చెట్టు దగ్గరికి పోమని మొరాయించారు. మట్టిలోంచి కవరు నలిపిన చప్పుడు వస్తోందట. "తీసి గుడ్డలో పెట్టిద్దామండమ్మా. ఈ బిడ్డన్నా దక్కుద్ది," అని వెంకటలక్ష్మి బతిమాలింది.

"పనిదొంగలకి దెయ్యాలొకటి తోడు!" అని తిట్టిపోసి, ఆ సాయంత్రం పున్నమ్మ ఒక్కతే బయల్దేరింది. కొడుకు రవికిరణ్ అప్పటికే ప్రవల్లికని స్కానింగుకి తీసుకెళ్ళాడు.

బయట ఇంకా వెలుగుంది గానీ చెట్ల కింద చీకటి పడిపోయింది. రాలి మగ్గిన పళ్ళ తీపివాసన, పక్క తోటలో కొట్టిన మందు ఘాటు కలిసి గొంతుకి అడ్డం పడ్డాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా ఎక్కడో...

సరసర.

పురుగు పట్టకుండా కాయలకి తొడిగిన కాగితం కవర్లు కాబోలు అనుకుంది. ఆ చెట్టుకి ఎవరూ కవర్లు తొడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నిలబడింది. చప్పుడు ఆగింది. అడుగేసింది. మళ్ళీ సరసర... పాదాల కిందే.

"ఎవరది?" ఊరంతా వినబడే ఆ గొంతు ఆవిడ చెవులకే సరిగ్గా అందలేదు.

చెట్టు మొదట్లో కవరు కొస ఒకటి మట్టిపైకి పొడుచుకొచ్చి ఉంది. బుద్ధున్న మనిషైతే వెనక్కి పరిగెత్తేది. పున్నమ్మకి కూలీల ముందు తల వంచడం కన్నా చావు నయం. వంగి లాగింది.

ఒక వానాకాలం గడిచినా మట్టి దాన్ని ముట్టుకోలేదు. ఎక్కడా చిరుగు లేదు. ముడి తను బిగించినట్టే ఉంది. కవరు వెచ్చగా తగిలింది... లోపలంతా ఆవిరి. ఫోను లైటు వేసి చూసింది.

ఖాళీ.

చేతిలో ఫోను మోగింది. ప్రవల్లిక. గుసగుసగా మాట్లాడుతోంది.

"అత్తయ్యగారూ... ఇద్దరంటండీ."

"ఇద్దరేంటే? మొన్న ఒక్కటే అన్నారుగా?"

"డాక్టరమ్మకీ అర్థం కావట్లేదు. ఒకటి అయిదు నెలలంత ఉందంట. రెండోది... నాలుగో నెలలోనే ఆగిపోయినట్టుందంట. కానీ దాని గుండె కొట్టుకుంటోంది."

పున్నమ్మ కవరు కింద పడేసింది.

"అత్తయ్యగారూ, వింటున్నారా? అది గట్టిగా కొట్టుకునేకొద్దీ... మొదటిదాని గుండె నెమ్మదిస్తోందంటండీ."