జేబులో ఫ్యూజు

మల్లేశ్ బండి తీస్తుంటే, అరుగు మీద కూర్చున్న రేవణసిద్ధప్ప రోజూ అడిగే మాటే అడిగాడు.

“ఇయ్యాల ఏ లైను మీద బిడ్డా?”

మల్లేశ్ జవాబు చెప్పలేదు. హెల్మెట్ పెట్టుకుని, తండ్రి వైపు చూడకుండానే బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. వంటింటి కిటికీలోంచి శ్రుతి ఇదంతా చూసింది. తండ్రీ కొడుకుల మధ్య మాట పడక, మధ్యలో తను నలగడం ఆమెకు అలవాటైపోయింది. పెనం మీద జొన్న రొట్టె మాడకుండా చూసుకోవాలి, కూతురు స్నేహకు జడలు వేయాలి, సాయంత్రం ఝరాసంగం రైతు వచ్చేసరికి అతని స్టార్టర్ బోర్డు బాగుచేసి ఉంచాలి. పల్లీలు మిక్సీలో వేసి మీట తిప్పింది. మిక్సీ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. నెత్తి మీద ఫ్యాను మెల్లమెల్లగా నిలిచిపోయింది.

వీధిలో కరెంటు పోలేదు. ఎదురింటి నర్సప్ప టీవీ మోగుతూనే ఉంది.

మళ్లీ మొదలైంది అనుకుంది శ్రుతి. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం రావడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా. పల్లీలను రోట్లో వేసుకుని దంచడం మొదలుపెట్టింది.

రేవణసిద్ధప్ప ఆమె మామ. ఉద్యోగమంతా లైన్‌మన్‌గానే చేశాడు. జహీరాబాద్ చుట్టూ ఆయన ఎక్కని స్తంభం లేదంటారు. కొడుకు మల్లేశ్‌దీ ఇప్పుడు అదే ఉద్యోగం. భార్య లక్ష్మమ్మ పోయాక మనిషి కొద్దికొద్దిగా తప్పిపోవడం మొదలైంది. తిన్నది మరిచిపోతాడు, మనవరాలిని కూతురి పేరుతో పిలుస్తాడు. అంతవరకు శ్రుతి సర్దుకుపోయింది. ఈ వానాకాలం నుంచే కొత్త గొడవ వచ్చి పడింది. కొడుకు గడప దాటగానే ముసలాయన ఇంటి మెయిన్ ఆపేస్తాడు. మొన్న మొన్న పెట్టించిన ఇన్వర్టర్ తీగ కూడా ఊడదీస్తాడు. మల్లేశ్ మీటరు పెట్టెకు తాళం వేస్తే, కటింగ్ ప్లయర్‌తో ఆ తాళాన్ని చిక్కుడుకాయ తుంచినట్టు తుంచేశాడు. అప్పటినుంచి ఏకంగా తెల్ల పింగాణీ ఫ్యూజునే పీకి జేబులో వేసుకుంటున్నాడు. అడిగితే ఇవ్వడు, వేరేది తెచ్చి పెడితే దాన్నీ పీకేస్తాడు. సాయంత్రం మల్లేశ్ ఇంటికొచ్చాక ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు తానే తెచ్చి పెడతాడు.

శ్రుతి ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. ఇంట్లోనే ముందు గదిలో బల్ల వేసుకుని, బోరు మోటార్ల స్టార్టర్లలో కాలిపోయిన బోర్డులు బాగుచేస్తుంది. కరెంటు హెచ్చుతగ్గులకు ఏదో కెపాసిటర్ ఉబ్బుతుంది, లేకపోతే రిలే అంటుకుపోతుంది. రైతులు సంచిలో వేసుకుని తెస్తారు. సగం అతికించాక కరెంటు పోతే టంకం కర్ర చల్లబడుతుంది, చేసిన పని మళ్లీ చేయాలి. అది కూడా భరించింది.

భరించలేనిది పోయిన వారం జరిగింది. స్నేహకు ఆయాసం. వచ్చినప్పుడల్లా ముక్కుకు మాస్కు పెట్టి మిషనుతో మందు పట్టాలి. పిల్ల ఎగశ్వాస తీస్తుంటే మిషను పెట్టింది. సగంలో అది ఆగిపోయింది. ఫ్యూజు లేదు, ఇన్వర్టర్ తీగ ఊడి ఉంది, మామ ఎక్కడో వీధి చివర. పిల్లను భుజాన వేసుకుని ఆటో కోసం చెప్పులు లేకుండా పరుగెత్తింది. దవాఖానలో పిల్ల తేరుకున్నాక, గోడకు ఆనుకుని మొగుడితో ఒకటే మాట అంది.

“ఇగ నా వల్ల గాదు.”

మల్లేశ్ వాదించలేదు. రాయికోడ్‌లో ఉన్న అతని అక్క ఇందిరమ్మకు శ్రుతే ఫోన్ చేసింది. కొద్ది రోజులు మామను పెట్టుకుంటావా వదినా అని అడిగింది. కొద్ది రోజులంటే ఎన్ని రోజులో ఇద్దరికీ తెలుసు. ఇందిరమ్మ తీసుకుపోతాను అంది. ఆ తీసుకుపోయే రోజు ఈ రోజే.

స్నేహ బడికి పోయాక శ్రుతి మామ బట్టలు సంచిలో సర్దింది. పంచెలు, స్వెటరు, మెడలో లింగం పెట్టుకునే వెండి కాయను తుడిచే మెత్తని గుడ్డ. సర్దుతుంటే ఈ రాత్రి నిద్ర పడుతుందన్న ఆశ కలిగింది. ఆ ఆశ కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇందిరమ్మ ఎండన పడి వచ్చింది. షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చి చెమటతో తడిసిపోయింది. ఆమె ఇంట్లోనూ ఉన్నవి రెండే గదులు. మంచంలో పడ్డ అత్త, పత్తి చేను పని, వీటి మధ్య తండ్రిని ఎక్కడ సర్దాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చిందట. ఉన్నదాంట్లోనే చూసుకుంటానులే అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉత్సాహమూ లేదు. నీళ్లు తాగి, తలెత్తి ఆగిపోయిన ఫ్యాను చూసింది.

“అప్పా, ఫ్యూజు ఇయ్యి. జర గాలి ఆడనీ,” అని తండ్రి పక్కన కూర్చుంది.

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఇందిరమ్మ బుజ్జగించింది, బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఎండకు, అలసటకు ఆమె సహనం కూడా తెగింది. జేబులోకి చెయ్యి పెట్టబోయింది. ముసలాయన ఆ చేతిని పట్టుకుని విసిరికొట్టాడు. ఇందిరమ్మ వెనక్కి తూలి గోడకు తగిలింది.

“మనిషి పైనున్నడు! లైను ఇయ్యనీకి నువ్వెవరు?”

ఆ గొంతు ఆ ఇంట్లో అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు. ఇందిరమ్మ తన చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తని తండ్రి ఆయన. సంచి తాడు బిగిస్తున్న శ్రుతి దాన్ని వదిలేసి దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు పీకిన్రని అడిగిందే గాని, ఇంకో మాట అడగలేదు. వచ్చి ఆయన ముందు కింద కూర్చుంది.

“ఎవరు మామా పైనున్నది?”

“మల్లేశు.”

“ఆయన దిగిండు మామా. నేను చెప్తున్న గదా. ఇయ్యుండ్రి.”

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఈసారి గొంతు తగ్గింది. తెలియని పిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

“నువ్వు చెప్తే నడవదమ్మా. ఎక్కినోడే చెప్పాలె. పక్కోడు చెప్పిండని లైను ఇస్తే పానాలు పోతయి. పొద్దున అడిగిన, ఏ లైను అని. చెప్పలే. ఎక్కిండో, దిగిండో నాకెట్ల తెలుస్తది?”

లైన్‌మన్ ఇంటి కోడలికి ఆ పద్ధతి తెలియనిది కాదు. స్తంభం ఎక్కేవాడు ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించుకుంటాడు. దాన్నే ఎల్సీ తీసుకోవడం అంటారు. పనయ్యాక, తీసుకున్నవాడే తన నోటితో దిగానని చెప్పాలి. ఇంకెవరు చెప్పినా కరెంటు ఇవ్వరు. ఊళ్లో చిన్న లైను మీద పని అయితే, ఇంకెవరూ తిరిగి పెట్టకుండా ఫ్యూజు పీకి జేబులో వేసుకుని మరీ ఎక్కుతారు.

“అమ్మ ఉన్నప్పుడు గూడ గిట్లనే,” అంది ఇందిరమ్మ కూలబడుతూ. “వీధి మలుపుల నుంచే దిగిన లక్ష్మీ అని కేకేసెటోడు. ఆ కేక ఇన్నంకనే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.”

ఒక్కొక్కటే శ్రుతికి గుర్తుకొచ్చాయి. వానలు మొదలైన కొత్తలో ఒక రాత్రి అన్నాల దగ్గర మల్లేశ్ చెప్పాడు. చిరాగ్‌పల్లి వైపు లైను ఆపి పనిచేస్తుంటే, ఎవరిదో ఇంటి ఇన్వర్టర్ తప్పుగా కలిపి ఉండి కరెంటు వెనక్కి లైనెక్కిందట. పైనున్న యాకోబుకు షాకు కొట్టిందట, బెల్టు ఉండబట్టి బతికాడట. అది విని ముసలాయన ఎర్త్ గొలుసు వేసిన్రా, గ్లౌజులు ఉన్నయా అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆ గొలుసు లైనుకు తగిలిస్తే, అలా పొరపాటున వచ్చిన కరెంటు నేలలోకి దిగిపోతుంది. రోజంతా పనిచేసి వచ్చిన మల్లేశ్‌కు చిరాకు పుట్టింది. నీ కాలం పోయింది, నాకు నేర్పకు అని కంచం ముందునుంచి లేచిపోయాడు. మర్నాటి నుంచి ఎక్కడికి పోతున్నాడో చెప్పడం మానేశాడు. ఆ మర్నాటి నుంచే ఇంట్లో కరెంటు పోతోంది. మల్లేశ్ ఇంటి పట్టున ఉన్న ఆదివారాలు ఒక్కసారి కూడా పోలేదు.

ఎక్కడో స్తంభం మీదున్న కొడుక్కి జహీరాబాద్‌లో ఇంటి ఫ్యూజు పీకితే ఒరిగేదేమిటి? ఏమీ లేదు. కాని ఆ ముసలి చేతులకు అందే లైను ఇదొక్కటే మిగిలింది. తెలిసిన కాపలా ఏదో ఆయన కాస్తున్నాడు. పిల్ల ఊపిరికి అది అడ్డమవుతుందన్న తెలివి ఆయనకు లేదు. అది తెలియని మనిషికి తను సంచి సర్దింది.

శ్రుతి మల్లేశ్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది, ఎత్తలేదు. స్తంభం మీద ఉంటే ఎత్తడు, అది ఆమెకు తెలిసిందే. ఎన్నోసార్లు ఎత్తలేదు, ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం చేతిలో ఫోను పట్టుకుని కూర్చుంటే, యాకోబు మాట బుర్రలో తిరగడం మొదలైంది. ముసలాయన కూడా ఆ ఫోను వైపే చూస్తున్నాడు. ఈయన రోజూ ఇట్లనేనా కూర్చునేది అనుకుంది శ్రుతి.

చాలాసేపటికి ఫోన్ మోగింది.

“ఏంది, అక్కోళ్లు పోలేదా ఇంకా?” అన్నాడు మల్లేశ్.

“నువ్వు దిగినవా?”

“దిగిన. ఏమైంది? స్నేహ బాగుందా?”

“బాగుంది. ఆ మాటనే మామకు చెప్పు. దిగిన అని నీ నోటితోని చెప్పు. ఇంకేం వద్దు.”

స్పీకరు పెట్టి ఫోను మామ చేతికిచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. వంగిన నడుం కాస్త నిటారుగా అయింది.

“ఎవరు మాట్లాడేది? పేరు చెప్పు.”

అవతల లారీల చప్పుడు వినపడింది. మల్లేశ్ చిన్నప్పుడు అగ్గిపెట్టెల ఫోనుతో తండ్రితో ఆడుకున్న ఆట ఇదే. విసుక్కుంటాడేమో అని శ్రుతి ఫోను దగ్గరికి జరిగింది.

“మల్లేశ్‌ని అప్పా.”

“మనుషులందరు దిగిన్రా?”

“అందరం దిగినం.”

“ఎర్త్ గొలుసు తీసిన్రా?”

“తీసినం అప్పా. లైను ఇయ్యి.”

“మంచిది. ఇస్తున్న.”

ఫోను కోడలి చేతిలో పెట్టి, మెల్లగా మీటరు పెట్టె దగ్గరికి నడిచాడు. జేబులోంచి ఫ్యూజు తీసి, పంచె కొంగుతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టి నొక్కాడు. ఫ్రిజ్ గుర్రుమంది. ఫ్యాను తిరిగింది. ఇందిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఫోను ఇంకా పెట్టేయలేదు. సంచి కట్టొద్దు, నేనొస్త అన్నాడు మల్లేశ్.

సాయంత్రం వచ్చినప్పుడు అతని చేతిలో పక్క పెచ్చు ఊడిన పాత పింగాణీ ఫ్యూజు ఒకటి ఉంది. తుక్కులోంచి ఏరుకొచ్చాడట. తండ్రి ముందు గొంతుక్కూర్చుని దాన్ని ఆయన చేతిలో పెట్టాడు.

“ఇది నా లైనుది అప్పా. నేను పోయినప్పుడు నీ దగ్గరుంచుకో. ఇంటిది ముట్టకు, స్నేహకు మిషను నడవాలె. పోయేటప్పుడు చెప్త, దిగినంక చెప్త.”

రేవణసిద్ధప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తీగ పోయిందని అన్నాడు. రేపు వేస్తానన్నాడు మల్లేశ్. ఆ తర్వాత తల వంచుకుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. కళ్లనీళ్లు వచ్చాయి. ముసలాయనకు అవి ఎందుకో తెలియలేదు. కొడుకు తల నిమిరి, అన్నం తిన్నవా అని అడిగాడు.

మర్నాడు ఇందిరమ్మ ఒక్కతే తిరిగి వెళ్లింది. శ్రుతి పంచెలు మళ్లీ బీరువాలో పెట్టింది. చాకిరీ ఏమీ తగ్గలేదు. ఆయన రేపు ఈ ఒప్పందం మరిచిపోవచ్చు, అడిగిందే పదిసార్లు అడగొచ్చు. అందుకని స్నేహ మిషనుకు విడిగా ఒక బ్యాటరీ కట్టడానికి బల్ల ముందు కూర్చుంది.

ఆ పొద్దున బండి తీసేముందు మల్లేశ్ అరుగు దగ్గర ఆగి, రాయికోడ్ రోడ్డు లైను అప్పా అని చెప్పి వెళ్లాడు. ముసలాయన పెచ్చు ఊడిన ఫ్యూజు జేబులో వేసుకున్నాడు. ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఎండ నడినెత్తికొచ్చాక ఫోన్ మోగింది. మామకు ఇచ్చేలోపే స్పీకరులోంచి మాట వినపడింది.

“దిగిన.”

టంకం కర్ర పట్టుకున్న శ్రుతి చెయ్యి ఒక్కసారిగా తేలికైంది. పొద్దుటినుంచి ఆ మాట కోసం తను కూడా కాచుకుని కూర్చుందని ఆమెకు అప్పుడు తెలిసింది. కర్ర పక్కన పెట్టి, లేచి వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది.