చిరుత నీడ ఎటు పడింది?

"ఒరే గిరీశా, లెయ్‌రా! సోలార్‌లోకి చిరుత వచ్చిండాది!"

హొన్నూరమ్మ కేకకు గిరీశ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. తల్లి ఫోన్‌ను అతడి ముఖం ముందు పెట్టింది. చూశాడు. తెరిచిన నోరు మూయడం మరిచాడు.

ఊరి పక్కనున్న సోలార్ పార్కులో, సౌర ఫలకాల వరుసల నడుమ, ఎండిన గడ్డిలో, ఒక చిరుతపులి తల తిప్పి నేరుగా అతడి వంకే చూస్తోంది. కింద ఎవరో రాశారు: "ఈ పొద్దు తెల్లారి రాయచెర్లులో. అందరికీ పంపండి."

అతడిని దిగ్భ్రమకు గురిచేసింది చిరుత కాదు. ఆ చిరుతను అతడు బాగా ఎరుగును. దాని ఎడమ చెవి అంచును వెంట్రుక వెంట్రుకగా కత్తిరించడానికి అతడికి రెండు సాయంత్రాలు పట్టింది.

అది అతడి హోంవర్కు.

గిరీశ్ ఆటో స్టాండు పక్కన ఒక గదిలో ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. అతడికి ఆ విద్య నేర్పినది ఏ కాలేజీయో కాదు. ఫోన్‌లో కనిపించే 'బొమ్మల బడి' అనే పేజీ. ఏ కొత్త కెమెరా వచ్చింది, ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, లేయర్ అంటే ఏమిటి, మాస్క్ అంటే ఏమిటి, అన్నీ అందులో తెలుగు మాటల్లో, కన్నడ లిపిలో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదువుకున్న ఆ పావగడ తాలూకా వాళ్లకు అంతకంటె సులువైన చదువు లేదు. రాసేవారికి పేరు లేదు, ముఖం లేదు; చివర 'పంతులు' అన్న సంతకం మాత్రం ఉంటుంది. గిరీశ్ ఊహలో ఆ పంతులుకు అరవై అయిదేళ్లు, బట్టతల, ముక్కు కొసన కళ్లద్దాలు. రెండేళ్లుగా ఆయనను 'అయ్యవారూ' అని పిలుస్తూ, ఆయన పెట్టే చీవాట్లను భద్రంగా దాచుకుంటున్నాడు. ఆ రెండేళ్లలో పంతులు అతడి పనిని ఒక్కసారి కూడా బాగుందనలేదు.

పోయిన వారం హోంవర్కు ఇది: మీ ఊరి ఫోటోలో, మీ ఊళ్లో లేని జంతువును, చూసినవాళ్లు నమ్మేటట్లు అతికించండి.

ఊరు నమ్మింది.

గిరీశ్ ఆ బొమ్మను పంతులుకు తప్ప మరెవరికీ పంపలేదు. వెంటనే పంతులును అడిగాడు: "అయ్యవారూ, ఇది బయటికి ఎట్ల వచ్చింది?" రెండేళ్లలో మొదటిసారి, జవాబు రాలేదు.

చిత్రమేమిటంటే, సాక్షులందరూ బొమ్మ వచ్చిన తరువాతే పుట్టుకొచ్చారు. ఫలకాలు కడిగే పనికి పోయే అంజనమ్మ రెండుసార్లు గర్జన విన్నానన్నది. కాటయ్య పళ్లెమంత అడుగుజాడ చూశానన్నాడు. దొడ్డన్న గొర్రెపిల్ల ఒకటి కనిపించకుండా పోయింది. అంతకు ముందు నెలలో పోయిన రెండింటిని కుక్కల లెక్కలో వేసినవాడు, దీనిని మాత్రం చిరుత లెక్కలో వేశాడు. బొమ్మకు ముందు వీరిలో ఎవరూ ఏమీ వినలేదు, చూడలేదు. ఆ సంగతి ఎవరికీ తోచనూ లేదు.

ఫలకాల మధ్య గడ్డి మేసే గొర్రెలు దొడ్లోనే ఉండిపోయాయి. మూడో దినం పొద్దున్నే గిరీశ్ తండ్రి మల్లేశప్ప తీర్మానం చెప్పాడు.

"నోరులేని జీవాలు పస్తుండాయి. ఈ పొద్దు పడమటి గుట్టకు తోలుకపోతా."

పడమటి గుట్టలో ఎలుగుబంట్లు ఉన్నాయన్నది వదంతి కాదు. కాటయ్య భుజం మీది నాలుగు గాట్లు అందుకు రుజువు. గిరీశ్ తండ్రి, లేని చిరుతకు భయపడి, ఉన్న ఎలుగుబంటి దగ్గరికి నడవబోతున్నాడు. చెప్పేస్తే సరిపోతుంది. మూడుసార్లు నోరు తెరిచాడు. ఊరిని బెదిరించినవాడి కెమెరా ముందు రేపు ఎవరు కూర్చుంటారు? మూడుసార్లూ మూసుకుని, స్టూడియోకు పోయి తలుపు తీశాడు.

అంతలో షేరు ఆటో ఆగింది. పసుపుపచ్చ చుడీదారు మీది దుమ్ము దులుపుకుంటూ ఒక యువతి దిగి, గడపలో నిలబడింది.

"ఏమప్పా, చిరుతను కన్నోడివి నువ్వేనా?"

"ఏ... ఏ చిరుత?"

"ఎన్ని చిరుతలు ఉండాయి నీకాడ? ఎడమ చెవి బాగా కత్తిరించినావు. మీసాలు మాత్రం తినేసినావు. సరే, అది పోనీ. ఫలకాల స్తంభాల నీడ గుట్ట తట్టు పడె, చిరుత నీడ ఊరి తట్టు పడె. మీ రాయచెర్లులో ఇద్దరు సూర్యులు ఉండారా ఏంది?"

ఆ మాటతీరు గిరీశ్‌కు కంఠస్థం. ఆ చీవాట్లే అతడి ఫోన్‌లో నూటికి పైగా ఉన్నాయి.

"నువ్వు... పంతులుగారి కూతురివా?"

"పంతులునే."

అతడు కూలబడ్డాడు. చక్రాల స్టూలు వెనక్కి జరిగింది. నేల అతడిని అందుకుంది.

"అయ్యవారు..."

"లేయప్పా ముందు. సవిత నా పేరు. మాది మంగళవాడ. పావగడలో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్తాను. తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో రాసే పంతులు ఈ తాలూకాలో కాక ఇంకెక్కడ ఉంటాడనుకున్నావు?"

"అంత దూరం ఆలోచన చెయ్యలేదు."

"మోకాళ్ల నొప్పికి ఆముదం రాసుకోండి అయ్యవారూ అని నాలుగుసార్లు పంపినావే! నాకు మోకాళ్ల నొప్పి అని ఎవరు చెప్పినారు?"

"పెద్దాయన కదా, ఉండే ఉంటాదని..." గిరీశ్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గు ముదిరితే కోపమవుతుంది. అతడి విషయంలోనూ అంతే అయింది. "అది వదిలెయ్. నేను నీకొక్కదానికే పంపిన బొమ్మ మా అమ్మ ఫోన్‌లోకి ఎట్ల వచ్చింది? ఊరంతా ఇండ్లల్లో దూరుకుండాది. మా నాయన గొర్రెలను గుట్టకు తోలుకపోతాండాడు!"

సవిత ముఖంలోని ఎకసెక్కం ఒక్కసారిగా ఆరిపోయింది.

"నేనే పెట్టినాను, పేజీలో. ఇది అతికించిన చిరుత, తప్పు యాడుందో కనిపెట్టండి అని కింద రాసినాను. బొమ్మలోపల రాయలేదు. రాత ఆడే ఉండిపోయింది, బొమ్మ ఒక్కటే ఊర్లు తిరిగింది. నీ ప్రశ్న చూసినాక తీసేసినాను గానీ, అప్పటికే చెయ్యి దాటిపోయిండాది. గుర్తు ఎప్పుడూ బొమ్మలోపలే ఉండాలని పోయిన నెల పాఠం చెప్పిందీ నేనే."

"మరి ఎందుకు రాయలేదు?"

ఆమె గోడ మీది పెళ్లి ఫోటోల వైపు చూసింది. అక్కడ చూడదగినది ఏదీ లేదు.

"బాగుండాదని. అక్షరాలు పెడితే చెడిపోతాదని."

చిరుతను చూసి అదరని గుండె ఆ మాటకు అదిరింది. రెండేళ్లుగా ఏ మాట కోసం అతడు సాయంత్రాలన్నీ ధారపోశాడో, ఆ మాట ఇంత అనర్థంతో కలిసి వస్తుందని అతడు ఊహించలేదు.

"బాగుండాదా?"

"నీడ తప్ప. ఇంక కూర్చుంటే ఎట్ల? బండి తియ్యి. మీ నాయన ఎంత దూరం పోయినాడో!"

దొడ్డి తలుపు అప్పుడే తీస్తున్నారు. మల్లేశప్ప భుజాన కంబళి, చేతిలో కర్ర. సాగనంపడానికి హొన్నూరమ్మ, అంజనమ్మ, దొడ్డన్న, మరి పదిమంది చేరారు. గిరీశ్ బండిని గొర్రెలకు అడ్డంగా ఆపాడు. ఈసారి నోరు తెరిచి మూయలేదు.

"నాయనా, గుట్టకు పోవద్దు. ఆ చిరుతను సోలార్‌లో పెట్టింది నేనే."

"అయ్యో, నా కొడకా!" హొన్నూరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "యాడ నుంచి తెచ్చినావురా? ఈ బండి మీదనే తెచ్చినావా?"

"నిజం చిరుత కాదమ్మా! బొమ్మ. కంప్యూటర్‌లో అతికించినాను."

నమ్మించడానికి ఒక్క హోంవర్కు చాలింది. నమ్మకం తీసేయడం అంత సులువు కాలేదు. పదిమందీ ఒకేసారి అరవసాగారు. సవిత తన ఫోన్‌ను మల్లేశప్ప చేతిలో పెట్టింది.

"పెద్దయ్యా, నా మాట నమ్మవద్దు. వాడి మాటా నమ్మవద్దు. నీడలు చూడు, చాలు."

మల్లేశప్ప జీవితంలో గడియారం కట్టినవాడు కాదు. నలభై ఏళ్లుగా నీడను చూసే పొద్దు చెప్పేవాడు. బొమ్మను దూరంగా పట్టుకుని చూశాడు. కంచె అవతలి స్తంభాలను చూశాడు. మళ్లీ బొమ్మను చూశాడు. అతడి ముఖం పాలిపోయింది.

"ఇది తొమ్మిది గంటల స్తంభం," అన్నాడు మెల్లగా. "ఇది నాలుగు గంటల చిరుత."

అతడు ఫోన్‌ను సవితకు తిరిగి ఇచ్చాడు.

"మూడు దినాలు దాని కండ్లు చూసి బెదిరినానే గానీ, నీడ చూడకపోతినే! నేను, నీడ చూడకపోతినే!"

"మరి నేను విన్న అరుపు?" అంది అంజనమ్మ, ఇంచుమించు ఏడుపు గొంతుతో. ఆమె చుట్టూ చూసింది. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. "వాడు అతికించింది వేరే. నేను విన్నది వేరే!"

మల్లేశప్ప కర్ర లేచింది. "మూడు దినాలు నోట్లో ఏం పెట్టుకోనుంటివిరా?"

గిరీశ్ కదలలేదు. సవిత ముందుకు వచ్చి అతడి పక్కన నిలబడింది.

"బొమ్మను ఊరి మీదికి వదిలింది నేను పెద్దయ్యా. సగం తప్పు నాది. కొట్టేటట్లయితే సగం నాకు."

కర్ర గాలిలోనే ఆగింది. హొన్నూరమ్మ చిరుత సంగతి పూర్తిగా మరిచింది. చక్కెరలోనో చీరలోనో వాటా అడిగే ఆడపిల్లలను ఆమె చూసింది కానీ, దెబ్బల్లో వాటా అడిగిన పిల్లను చూడడం ఇదే మొదలు.

"యావూరమ్మా నీది?"

"మంగళవాడ. వీనికి పాఠాలు చెప్పే పంతులును."

"పంతులా! ఆముదం పంతులు నువ్వేనా? ఆ పెద్దాయనకు పంపాలని నాకాడ ఆముదం సీసా అడిగి పెట్టుకున్నాడు కదమ్మా వీడు!"

గిరీశ్ భూమి చీలితే బాగుండునని తలచాడు. సవిత అతడి వంక చూసింది. ఆ చూపులో ఈసారి ఎకసెక్కం లేదు. ఉన్నదేమిటో తెలుసుకోవడానికి అతడికి ధైర్యం చాలలేదు.

మల్లేశప్ప కర్ర దించి కంచె వైపు చూపాడు. "ముందర మీరిద్దరూ పోండి. ఈ పక్కన ఒక్క వరుస విడవకుండా తిరిగి రాండి. మీ వెనకాల నా జీవాలు పోతాయి."

వాళ్లు నడిచారు. ఇరుపక్కలా నీలి అద్దాలు. ప్రతి అద్దంలోనూ ఒక పసుపుపచ్చ చుడీదారు, దాని పక్కన తలవంచిన ఒక యువకుడు.

"సీసా ఏమైంది?" అంది సవిత.

"స్టూడియోలో ఉండాది. చిరునామా తెలియలేదు అయ్యవారూ."

"ఇంకోసారి అట్ల పిలిస్తే ఫెయిల్ చేస్తా."

నాలుగు వరుసలు దాటారు. అయిదో వరుసలో గిరీశ్ ఆగాడు.

"రెండేళ్లు నేను హోంవర్కు చేసింది పని నేర్చుకునేదానికి మాత్రమే కాదు. నీ చీవాట్ల కోసరం. అవి రాసేది పెద్దాయన అనుకుని కూడా ఎదురు చూసినాను. నువ్వని తెలిసినాక..." "నన్ను ఫెయిల్ చెయ్యి, ఫరవాలేదు. బడి నుంచి మాత్రం పంపవద్దు."

సవిత నడక ఆపింది. ఆమె జవాబులో పంతులు గొంతు లేదు.

"నా ముఖం చూసినోళ్లు ఏమేమో అడుగుతారప్పా. ముఖం చూడకుండా మోకాళ్లు ఎట్లుండాయని అడిగినోడివి నువ్వొక్కడివే. చిరుత సంగతి తేల్చేదానికి ఒక ఫోన్ చేస్తే సరిపోతుండె. ఆటో ఎక్కి ఎందుకు వచ్చినానో, అదీ నేనే చెప్పాల్నా?"

గిరీశ్‌కు ఆ వారంలో తగిలిన దెబ్బలన్నిటిలోకీ ఇదే పెద్దది. అతడు ఆ పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు.

వాళ్లు కంచె గేటుకు తిరిగి వచ్చేసరికి గొర్రెలు గడ్డిలో పడి మేస్తున్నాయి. ఆటో హారను వినిపించింది. సవిత చున్నీ సర్దుకుని, మల్లేశప్పకు చేతులు జోడించింది.

"పోయొస్తాను మామా."

మల్లేశప్ప ఉలిక్కిపడ్డాడు. ఇంతకు ముందు పెద్దయ్య అన్న పిల్ల, వరుసల్లో ఒక తిరుగు తిరిగి వచ్చి మామ అంటోంది. హొన్నూరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గిరీశ్ తన చెప్పులను శ్రద్ధగా పరిశీలించసాగాడు.

"ఇదీ అతికించింది కాదు కదమ్మా?" అన్నాడు మల్లేశప్ప.

"నన్ను అడగవద్దు మామా. నీడలు చూసుకో."

ముసలాయన వంగి నేలను చూశాడు. ఈసారి తొందరపడలేదు. ఇద్దరి నీడలూ పక్కపక్కనే, సందు లేకుండా, ఒకే పక్కకు, గుట్ట వైపు పడి ఉన్నాయి.

"తొమ్మిదిన్నర," అన్నాడు మల్లేశప్ప. "సరిగ్గానే ఉండాది."