కుడికాలి గేరు

"బండి కొనేకి వచ్చినోడివి బస్సు దిగి వస్తాండావే! తోలేకి వస్తాదా నీకు?"

కంబదూరులో సువర్ణ నాతో అన్న మొదటి మాట ఇది. మోకాళ్లు అరిగిపోయి వాళ్ల నాయన హనుమంతప్ప తన పాత బుల్లెట్టును అమ్మకానికి పెట్టాడు. నేను ధర్మవరంలో అమ్మతో ఉంటూ మగ్గాలు రిపేరు చేసేవాణ్ని. ఏడో తరగతిలో బడి, ఇరవై ఎనిమిదో ఏట బండి, ముప్ఫై దాటాక పెళ్లి మీద ఆశ, అన్నీ వదిలేసినవాణ్ని. నలభై రెండో ఏట మళ్లీ బండి మీదికి మనసెందుకు పోయిందంటే ఏం చెప్పను? బస్సుల్లో నిలబడి నిలబడి మనుషుల మీదే విసుగు పుట్టిందనుకోండి.

"అట్లంటావేమ్మా? ఈ ఓబిలేష్ తోలని బండి జిల్లాలో ఉండాదా?" అన్నాను.

పచ్చి అబద్ధం. పద్నాలుగేళ్ల కిందట కంకరలో జారి కాలు విరిగినప్పటి నుంచి హ్యాండిల్ ముట్టుకోలేదు.

సువర్ణ తాళం విసిరింది. నాలుగు కిక్కులకు స్టార్టయింది. ఆ చప్పుడు నా ఛాతీలోకి దిగింది. మొహానికి గాలి తగిలేసరికి వయసు సగం రాలిపోయినట్టయింది. అంతలో మలుపు దగ్గర మేకల మంద అడ్డమొచ్చింది. కుడికాలితో బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. ఒక్క కుదుపు కుదిపి, పక్కనున్న వేరుశనగ కట్టె వామిలోకి, ఆ ఎండు తీగల కుప్పలోకి నన్ను తీసుకుపోయింది.

సువర్ణ పరిగెత్తుకొచ్చింది. "దెబ్బ తగిలినాదా?"

"ల్యా."

తగల్లేదని తెలిశాక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాదప్పా. ఇప్పటి బండ్లకు తిరగమర. తోలని బండి లేదంటివే!"

కట్టె దులుపుకుంటూ నిజం చెప్పాను. "తోలి పద్నాలుగేండ్లాయ. భయం."

ఆమె నవ్వు ఆగింది. "ఆ మాట ముందే చెప్పల్ల కదా."

మంచం మీద నుంచి హనుమంతప్ప కేకేశాడు. "నేర్చుకునేదాంక బండి ఇచ్చేది లేదు! నువ్వు పడితే నా బండికి చెడ్డపేరు. ఆదివారం ఆదివారం రా. మా పాప నేర్పిస్తాది."

పాపకు ముప్ఫై ఎనిమిది. పెళ్లయి, పొసగక విడిపోయి, ఇంటి ముందర కుట్టుమిషను పెట్టుకుంది.

ప్రతి ఆదివారం బడి మైదానం చుట్టూ నేను తిరిగేవాణ్ని. ఆమె మధ్యలో టేపు మెడలో వేసుకుని నిలబడి అరిచేది.

"ఎడమకాలు! ఎడమకాలప్పా! ఏడు దాంక చదివినానంటివే, ఎడమ, కుడి ఏ తరగతిలో చెప్తారు?"

"ఎనిమిదిలో చెప్తారేమో. నేను పోల్యా."

మూడో ఆదివారానికి అలవాటు కాళ్లకు ఎక్కేసింది. ఆ సాయంత్రం తిరుగు బస్సులో సంతోషపడాల్సింది పోయి దిగులు పట్టుకుంది. నేర్చేసుకుంటే ఇంక నాకు కంబదూరులో ఏం పని?

నాలుగో ఆదివారం కావాలనే కుడికాలు తొక్కాను. ఐదో ఆదివారమూ అంతే. ఆమె తల కొట్టుకుంది. నాకు హాయిగా ఉండింది.

ఆరో ఆదివారం పోయేసరికి గుమ్మఘట్ట నుంచి ఆదెన్న అని ఒకడు వచ్చి కూర్చున్నాడు. అప్పటికే బండిని నున్నగా తోలి చూపించాడట. సువర్ణ నన్ను పక్కకు పిలిచింది.

"నన్ను ఎనక కూర్చోబెట్టుకోని కళ్యాణదుర్గం దాంక పోయిరా. తప్పు పోకుంటే బండి నీది. పోయిందంటే ఆదెన్నది."

ఎట్లా తోలినా నా ఆదివారాలు అయిపోయినట్టే. అయినా మొదటిసారి ఆమె వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాక, దొంగ తప్పు చేయడానికి కాలు రాలేదు. పోను, రాను ఒక్క తప్పు పోలేదు.

తిరుగు దారిలో మబ్బు పట్టింది. చినుకు పడగానే "ఆపు" అంది సువర్ణ. మా సీమలో వానకు ఎవరూ పరిగెత్తరు. చేలో మనుషులు మొహాలు పైకెత్తి నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం.

"పోయిన రెండు వారాలూ తప్పు యాల పోయినాది?" అంది.

నేను బండి ట్యాంకు మీది చినుకులు తుడవసాగాను.

"నీ కాలు మొదట ఎడమకే పోతాండె. నా పక్క ఒకసారి చూసి కుడికి వస్తాండె."

"తెలిసీ యాల చెప్పల్యా?"

"చెప్తే బండి తీసుకోని పోతావు కదప్పా!"

అంతలో వాన దంచి కొట్టింది. ఇంత ఆలస్యంగా వచ్చే వానను ఎప్పుడూ తిట్టేవాణ్ని. ఆరోజు తిట్టలేదు.

"సువర్ణా, నా నోరు మంచిది కాదు," అన్నాను.

"ఆరు వారాల నుంచి వింటానే ఉండా. ఇంకేమన్నా ఉంటే చెప్పు."

"నిన్ను చేసుకోవల్లని ఉండాది."

ఆమె మొహం తుడుచుకుంది. ఎంత తుడిచినా తడే. "వచ్చే ఆదివారం రావాకు," అంది.

బండి తాళం తీసి ఆమె చేతిలో పెట్టబోయాను.

"శనివారమే రా. మీ అమ్మను పిల్చుకోని రా. పెద్దోళ్లు మాట్లాడుకోవల్ల."

ఇల్లు చేరేసరికి చూరు కింద హనుమంతప్ప, ఆదెన్న ఎదురుచూస్తున్నారు. సువర్ణ నవ్వుకుంటూ లోపలికి పోయింది.

"ఏమప్పా, తప్పు పోయినాదా?" ఆదెన్న ఆశగా అడిగాడు.

హనుమంతప్ప కూతురు పోయిన వాకిలి వైపు చూశాడు. తడిసి ముద్దయి ఇకిలిస్తున్న నన్ను చూశాడు. తర్వాత వక్కాకు తట్టను ఆదెన్న ముందుకు జరిపాడు.

"ఏసుకో నాయనా. నీకు ఇంకో బండి చూపిస్తా. ఇది మా అల్లునికి పోయినట్టుండాది."