సాంబయ్య మెయిలు మీద ఆకుపచ్చ చుక్క

ఆ నెలంతా సూరత్ తెలుగు సహాయ బృందం రోజూ చేయవలసిన పనులు ఇవి:

ఉదయం ఎనిమిదికి మెయిల్ పెట్టె తెరవాలి.
మెయిలు తీసుకున్నవారు దానిమీద తమ రంగు చుక్క పెట్టాలి.
చుక్క ఉన్నదాని జోలికి ఇంకొకరు వెళ్లకూడదు.
పేర్లు రైలు జాబితాలో ఎక్కించాకే జవాబు ఇవ్వాలి.
జవాబు ఇచ్చాకే ‘పూర్తి’ అనే అరలోకి జరపాలి.

పనులు ఐదు, చేసేవారు నలుగురు, అందరికీ ఒకటే పాస్‌వర్డ్. 2020 మే నెలలో మగ్గాలు ఆగిపోయి, గదుల్లో బియ్యం అడుగంటి, ఊరికి వెళ్లాలనుకున్న తెలంగాణ కార్మికులందరూ ఆ ఒక్క చిరునామాకే రాసేవారు.

ఒక శుక్రవారం పదకొండు గంటలకు ఆ నలుగురిలో ఒకడైన మల్లేష్, ఉధ్నా పేటలో దారాల దుకాణం మీద ఉన్న మార్కండేయ నేర పరిశోధన కార్యాలయం మెట్లెక్కాడు. కార్మికులుండే లింబాయత్ పేట నుంచి నడిచి వచ్చాడు. మాస్కు చెమటతో తడిసిపోయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా పేరు ఖరాబైంది సార్. జర మీరే చూడాలె.”

మార్కండేయ యాభై దాటిన మనిషి. సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య పెరిగి, తర్వాత బట్టల మిల్లుల దొంగతనాలు పట్టడంలో పేరు తెచ్చుకున్నాడు. ఆయన సహాయకురాలు వీణ సూరత్‌లోనే పుట్టిపెరిగింది. ఆయన అడిగే ప్రతి ప్రశ్ననూ నోటుబుక్కులో రాసుకుంటుంది. జవాబులకంటే ఆ ప్రశ్నలే తనకు ముఖ్యం.

మల్లేష్ చెప్పింది ఇది. తన గల్లీలోనే ఉండే సాంబయ్య మంగళవారం మెయిలు పంపించాడు. పేర్లు మూడు: తను, భార్య ఎల్లవ్వ, కూతురు సంతోషి. సంతోషికి ఎనిమిదో నెల. ఆమె వెళ్లే ఆసుపత్రిని కరోనా కోసం తీసుకున్నారు. నిన్న సాయంత్రం సాంబయ్యకు ‘మీ పేర్లు జాబితాలో చేరాయి’ అని జవాబు వచ్చింది. ఈ ఉదయం జాబితా చూస్తే వారి పేర్లు లేవు. రైలు రేపు మధ్యాహ్నం.

“మెయిలు ఏమైంది?”

“పూర్తి అయినవాట్ల ఉన్నది సార్. దాని మీద నా ఆకుపచ్చ చుక్క ఉన్నదట. నా మనుషులను ఎక్కించుకోనికి వాళ్లను తీసేసిన్నని అంటున్నరు.”

అంతలో అతని ఫోన్ మోగింది. అటువైపు ఎల్లవ్వ గొంతు గదంతా వినిపించింది.

“ఏం మల్లేషా, మమ్ముల తీసేసి ఎవలను కూసోబెడుతున్నవ్? మీ అత్తగారినా? బండిల కిటికీ పక్కకే ఇయ్యి, గాలి ఆడుతది.”

మల్లేష్ ఫోన్ పెట్టేశాడు.

“నాలుగు గంటల వరకే టైము సార్. కలెక్టర్ ఆఫీసుల సారు ఏమన్నడంటే, పేర్లు మార్చి మార్చి ఎక్కిస్తున్నరని ఫిర్యాదులు వచ్చినయట. తప్పు ఎవరిదో రాసి, వాళ్లు సంతకం పెడితేనే కొత్త పేర్లు తీసుకుంటడట. నేనే చేసిన అని రాసి ఇద్దామనుకున్న. పిల్ల బండెక్కుతది. కని సార్, ఇంకా నూటనలభై మంది నన్ను నమ్మి రాసిన్రు. సంతకం పెడితే నన్ను తీసేస్తరు. వాళ్లకు చదువు రాదు, వాళ్ల దిక్కు రాసేటోడు ఎవడు?”

“నువ్వు చేసినవా?”

“చేయలే. రోజుకు ముప్పై చూస్త. మర్శిపోయిన్నేమో అని భయమైతున్నది. కని చేయలే.”

“ఆ మెయిలు చూపించు.”

మల్లేష్ పాత ఫోన్ తీశాడు. గాజు మూల పగిలి ఉంది. వీణ వంగి చూసింది.

“అరే, ఈ చుక్క పసుపుగా ఉందే.”

“ఈ ఫోన్ల అన్ని పసుపే మేడం. రంగులు కంప్యూటర్‌లనే కనబడుతయి.”

మార్కండేయ ఆ ఫోన్‌ను చాలాసేపు చేతిలో ఉంచుకున్నాడు. జవాబు వెళ్లిన సమయం చూశాడు: గురువారం సాయంత్రం ఆరూ పది. తర్వాత మిగతా ముగ్గురి పేర్లు, చిరునామాలు మల్లేష్‌తో రాయించుకుని గడియారం చూశాడు.

“వీణా, స్కూటర్ తియ్యి. మల్లేష్, మూడు గంటలకు అడాజన్‌లో ఈశ్వరయ్య గారింటికి రా. సంతకం మాత్రం ఎక్కడా పెట్టకు.”

మందుల గిడ్డంగి కేసు కోసం తీసుకున్న లాక్‌డౌన్ పాస్ ఇంకా చెల్లుతోంది. తాపీ వంతెన మీద రెండు చోట్ల పోలీసులు ఆపారు. వీణ నిమిషాలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. మార్కండేయ మాత్రం ఏదో పోగు తెగిన చోటు వెతుకుతున్నవాడిలా నదివైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ నలుగురిలో ఒకరైన ఈశ్వరయ్య రైల్వే పార్శిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అడాజన్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడాడు.

“మల్లేష్ మంచివాడేనండి. కానీ ఆకుపచ్చ వాడిదే. వంశీధర్ గారిది నీలం, ఛాయాదేవమ్మది పసుపు, నాది ఎరుపు.”

“మల్లేష్‌కు కంప్యూటర్ లేదు కదా. అతని చుక్కలు ఎవరు పెడతారు?”

ఈశ్వరయ్య ముఖం కొంచెం మారింది. “ఈ మాట వంశీధర్ గారితో అనకండి. ఆయన కేకలేస్తాడని వాడికి భయం. ఒకసారి వాడు పేర్లు ఎక్కించకముందే జవాబిచ్చాడని గ్రూపులో నలుగురిముందూ కడిగేశాడు. అందుకని వాడు నాకు ఫోన్ చేసి చెబుతాడు, నేను పెడతాను. నోటిమాట మీద ఏ పనీ చేయనండి నేను. ముప్పై ఆరేళ్ల అలవాటు.”

లోపలికి వెళ్లి పొడవాటి రిజిస్టరు తెచ్చి, గొలుసు సందులోంచి అందించాడు. ప్రతి ఆకుపచ్చ చుక్కకూ ఒక వరుస ఉంది: తేదీ, సమయం, పంపినవారి పేరు, ‘మల్లేష్ ఫోన్‌లో చెప్పగా’. మంగళవారం నుంచి గురువారం వరకు ఎనభై ఎనిమిది వరుసలు. సాంబయ్య పేరు ఎక్కడా లేదు.

అక్కడినుంచి ఛాయాదేవి పనిచేసే బ్యాంకుకు వెళ్లారు. ఆమె బ్యాంకు ఆఫీసర్. జాబితా తయారుచేసేది ఆమే. గాజు పలక వెనకనుంచి అలసిపోయిన గొంతుతో మాట్లాడింది.

“రెండింటికి బ్యాంకు మూసేస్తారు. ఇంట్లో నాకు కంప్యూటర్ లేదు, ఫోనే. అందుకే ఒకటిన్నరకల్లా జాబితా పంపేస్తాను. పంపాక మెయిల్ పెట్టె మొదటి పేజీ ప్రింటు తీసి దాచుకుంటాను.”

“ఎందుకమ్మా?”

“రోజు చివర కాగితం చేతిలో లేకపోతే నాకు పని అయినట్టు ఉండదు.”

గురువారం ఒకటిన్నర నాటి ప్రింటు ఆమె సొరుగులోనే ఉంది. తెరవని మెయిళ్లు లావు అక్షరాల్లో, తెరిచినవి సన్న అక్షరాల్లో ఉన్నాయి. సాంబయ్య పేరు పైనుంచి ఏడో వరుసలో ఉంది. సన్న అక్షరాలు. పక్కన ఏ చుక్కా లేదు. ఇంకా కిందికి, నగర శివారులోని ఉన్ అనే పేట నుంచి వచ్చిన మరో మెయిలు కూడా అలాగే సన్నగా, చుక్క లేకుండా ఉంది.

“ఇది నేను తీసుకుపోతాను. మూడింటికి మీరూ రావాలి,” అన్నాడు మార్కండేయ.

మూడు గంటలకు ఈశ్వరయ్య ఉండే సొసైటీ పార్కింగులో ఒకదానికొకటి ఐదారడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మార్కండేయ ఫోన్ చేసి పిలిస్తే వంశీధర్ కారులో వచ్చాడు. ప్రభుత్వ రంగ సంస్థలో ఇంజనీరు. మెయిల్ పెట్టె పెట్టిందీ, ఆ ఐదు నియమాలు రాసిందీ ఆయనే. మల్లేష్ స్తంభం పక్కన నిలబడ్డాడు.

“విచారణ దేనికండి? ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత హంగామా,” అన్నాడు వంశీధర్. “మల్లేష్, నిన్ను ఎవరూ జైల్లో పెట్టరు. పొరపాటైంది, ఒప్పుకో.”

“ఒప్పుకోవలసినవారు ఒప్పుకుంటారు,” అన్నాడు మార్కండేయ. ప్రింటు తీసి మోకాలి మీద పరిచాడు. “సాంబయ్య మెయిలును ఒకరు తెరిచారు. తెరిచి, చుక్క పెట్టకుండా వదిలేశారు. తెరిచిన మెయిలు మిగతా ముగ్గురికీ పాతదిలా కనిపిస్తుంది. ఎవరో చూసుకుంటున్నారనుకున్నారు. గురువారం ఒకటిన్నరకు జాబితా వెళ్లిపోయింది. అప్పటికి ఆ మెయిలు మీద ఏ రంగూ లేదు. ఆకుపచ్చ ఆ తర్వాత పడింది. జవాబు ఆరూ పదికి వెళ్లింది.”

“అయితే మల్లేష్ ఆరూ పదికి పెట్టాడు.”

“మల్లేష్ ఫోన్‌లో ఆకుపచ్చ లేదండి. ఒక్క పసుపే ఉంది.”

వంశీధర్ మల్లేష్ వైపు తిరిగాడు. “మరి ఇన్ని రోజులూ?”

“ఈశ్వరయ్య సారు పెట్టేటోడు,” అన్నాడు మల్లేష్ నేల చూస్తూ. “మీరు కోపం చేస్తరని చెప్పలే.”

“ఈశ్వరయ్య గారు తను పెట్టిన ప్రతి చుక్కనూ రాసుకున్నారు,” మార్కండేయ కొనసాగించాడు. “ఇది అందులో లేదు. ఆయనే రాయకుండా పెట్టి ఉండవచ్చు కదా అంటారా? మల్లేష్ తనంతట ఆకుపచ్చ పెట్టలేడని ఈ నలుగురిలో తెలిసింది మల్లేష్‌కు కాక ఆయనొక్కరికే. నింద మల్లేష్ మీద వేయాలనుకుంటే, తనకే చుట్టుకునే ఆ రంగు ఎందుకు వాడతారు? ఛాయాదేవి గారి చేతిలో రెండు తర్వాత కంప్యూటర్ ఉండదు. ఇక మిగిలింది మల్లేష్ ఆకుపచ్చ పెట్టగలడని నమ్మే మనిషి, సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ ముందు ఉన్న మనిషి. పేర్లు ఎక్కించకముందే జవాబిచ్చే అలవాటు మల్లేష్‌కు ఉందని నలుగురిలో చెప్పిన మనిషి కూడా ఆయనే.”

వీణ గడియారం చూసింది. మూడూ పది.

వంశీధర్ కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. “బుధవారం పొద్దున తెరిచాను. అప్పుడే మా అమ్మకు జ్వరమని ఫోనొచ్చింది. మరిచిపోయాను. గురువారం సాయంత్రం కనిపించింది. నియమాలు రాసిన నేనే తప్పానంటే పరువు పోతుందనిపించింది. మల్లేష్ రోజుకు ముప్పై చూస్తాడు, ఒకటి తప్పినా ఎవరూ పెద్దగా అనరనుకున్నాను. అందుకే వాడి చుక్క పెట్టి ఆ జవాబు పంపాను. వాడికి తన మీదే అనుమానం వస్తుందనుకున్నాను.”

“వచ్చింది సార్,” అన్నాడు మల్లేష్. “పొద్దటి నుంచి నన్ను నేనే తిట్టుకుంటున్న.”

కాగితం వంశీధరే రాశాడు, సంతకం చేశాడు. ఛాయాదేవి ఫోన్‌తో ఫొటో తీసి కలెక్టర్ ఆఫీసుకు పంపబోయింది.

“ఒక్క నిమిషం,” అన్నాడు మార్కండేయ. ఆయన ప్రింటు మడవలేదు. వేలు ఇంకా కింది వరుస మీద ఉంది. “ఇదెవరిది? ఉన్ నుంచి వచ్చింది. తెరిచి ఉంది, చుక్క లేదు.”

వీణ మల్లేష్ ఫోన్‌లో ఆ మెయిలు తెరిచి చదివింది. ఎవరో కిరాణా కొట్టు ఫోన్ నుంచి రాయించినది. పేరు బుచ్చవ్వ. ‘ఒక్కదాన్నే. ఏ బండైనా మంచిదే.’ వచ్చి తొమ్మిది రోజులైంది.

“మొదట ఎవరు తెరిచారు?” అన్నాడు మార్కండేయ.

ఈశ్వరయ్య అన్నాడు. “నేను చూశానండి. తెరిచే ఉంది. ఎవరో తీసుకున్నారనుకున్నాను.”

“నేనూ,” అంది ఛాయాదేవి.

“నేను గూడ,” అన్నాడు మల్లేష్.

వంశీధర్ తల మాత్రం ఊపాడు.

వీణ మెయిలు కింద ఉన్న కొట్టు నంబరుకు ఫోన్ చేసి హిందీలో మాట్లాడింది. ఫోన్ దించి చెప్పింది. “ఆదివారం పొద్దునే సంచి తీసుకుని హైవే వైపు నడిచి వెళ్లిందట సార్. జవాబు కోసం రోజూ కొట్టు దగ్గరికి వచ్చి అడిగేదట.”

“ఆమె పేరు కూడా రాయండి,” అన్నాడు మార్కండేయ.

కాగితం మీద పేర్లు నాలుగయ్యాయి. మిగతా ముగ్గురూ పెట్టడంతో కింద సంతకాలు కూడా నాలుగయ్యాయి. మూడూ నలభైకి ఆఫీసు ఒప్పుకుంది.

శనివారం రైలు కదిలేటప్పుడు ఎల్లవ్వ కిటికీలోంచి మల్లేష్‌ను పిలిచింది. “నిన్నన్న మాటలు మనసుల పెట్టుకోకు బిడ్డా.” సంతోషి పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. ఎవరో అక్కడ మూట పెట్టబోతే ఎల్లవ్వ పెట్టనివ్వలేదు. “గా సీటు బుచ్చవ్వది,” అంది. మల్లేష్ చెబితే పేరు విన్నదే తప్ప ఆమె బుచ్చవ్వను ఎన్నడూ చూడలేదు.

మార్కండేయ ఆ తర్వాత హైవే పొడవునా మూడు జిల్లాల్లో ఆరా తీశాడు. ఆచూకీ దొరకలేదు. సాంబయ్య తరఫున అడగడానికి ఒక గల్లీ ఉంది, కోప్పడడానికి ఎల్లవ్వ ఉంది. బుచ్చవ్వ తరఫున ఎవరూ రాలేదు కాబట్టి అది ఎన్నడూ కేసు కాలేదు. చదివినవారికి ఈ కథలో తప్పు చేసినవాడి పేరు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. ఉన్‌లోని కిరాణా కొట్టుకు రోజూ వచ్చి జవాబు వచ్చిందా అని అడిగిన బుచ్చవ్వను మాత్రం గుర్తుంచుకోవాలని మనవి.