కొసరు బటన్

శనివారంలోగా చేయవలసినవి: పొడుల ఫొటోలు తీయాలి. నువ్వులు, ఆవాలు పడ్డవాటికి అలర్జీ లేబుల్ రాయాలి. పొట్లం తూచి పోస్టేజీ చూడాలి. ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఖర్చు తక్కువలో ఒక షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. మధులికతో వాదన పెట్టుకోకూడదు.

చివరిది తప్ప అన్నీ చేశాను.

మధులిక వాళ్ళమ్మ రాజ్యం ఆంటీ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఇంట్లోనే మూడు రకాల పొడులు కొట్టి, మా వీధి చివరి షాపులో అమ్మేవారు. ఆ షాపు నెలాఖరుకు మూతపడుతోంది. ఆన్‌లైన్ అమ్మకం కుదరకపోతే ఆంటీ మళ్ళీ లాండ్రీ పనికి వెళ్ళాలి. తడి దుప్పట్లు ఎత్తి ఎత్తి ఆవిడ కుడి భుజం అప్పటికే పాడైంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఈమాత్రం సాయం చేయకపోతే ఆ చదువెందుకు అనిపించింది. మధులిక ఆ ఇంట్లో ఉండటం రెండో కారణం. అప్పట్లో అలాగే సర్దిచెప్పుకున్నాను.

మొదటిరోజు నేను నెలకు ముప్పై పౌండ్ల కార్ట్ చూపించాను. అందులో గిఫ్ట్ కార్డులు, డిస్కౌంట్ కోడ్‌లు, ఇరవై దేశాల కరెన్సీలు ఉన్నాయి.

"మా అమ్మ చేసేది మూడు పొడులండీ," అంది మధులిక. "ఇరవై కరెన్సీలు ఏం చేసుకుంటుంది?"

"రేపు బిజినెస్ పెరిగితే?"

వంటింట్లోంచి ఆంటీ అందుకున్నారు. "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట."

నేను లాప్‌టాప్ వైపు, మధులిక కిటికీ వైపు తిరిగాం. బయట సన్నగా వాన పడుతోంది. కాసేపు దానిమీదే ఇద్దరికీ చాలా శ్రద్ధ కలిగింది.

రెండోది ఉచితమే కానీ, అప్‌డేట్లన్నీ మనమే చూసుకోవాలి. నేను ఉద్యోగం మారి వెళ్ళిపోతే ఎవరు చూస్తారని మధులిక అడిగింది. వెళ్ళనని చెప్పబోయి ఊరుకున్నాను. చివరికి మూడోది తీసుకున్నాం. నెల ఫీజు లేదు, అమ్మినప్పుడు మాత్రం కొంత కోసుకుంటుంది. ఐదు వస్తువులకు మించి పెట్టనివ్వదు.

ఆంటీకి మాత్రం ఒక వెలితి కనిపించింది. షాపులో పొట్లం కొన్నవాళ్ళకి ఆవిడ కాగితంలో ఒక చెంచా పొడి కొసరు కట్టి ఇస్తారు. ఇందులో అదెక్కడ అన్నారు. నేను ఉత్సాహంగా నాలుగో వస్తువు చేర్చాను: కొసరు, ధర సున్నా. బరువు రాయడం మరిచాను కనుక పోస్టేజీ కూడా సున్నా అయింది.

శనివారం పొద్దున అమ్మకం తెరిస్తే, సాయంత్రానికి పంతొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. పద్నాలుగు మందికి కొసరు ఒక్కటే కావాలి.

తప్పు నాదేనని ఆంటీకి చెప్పి తలొంచుకున్నాను. అడిగినవాళ్ళకి కొసరు లేదంటామా అని ఆవిడ అప్పటికే కాగితాలు కత్తిరిస్తున్నారు. ఇలాగే సాగితే ఆ భుజం మళ్ళీ దుప్పట్ల పాలే. మధులిక ఆటపట్టిస్తుందనుకున్నాను. ఆమె ఒక ఆర్డర్ కింది నోట్ దగ్గర ఆగిపోయింది.

లెమింగ్టన్‌లో వృద్ధులుండే కేర్ హోమ్ నుంచి ఆండాళమ్మ గారు రాయించిన నోట్ అది. "నాకు ఎనభై ఏడేళ్ళు. పొట్లం కొంటే మిగిలి పాడవుతుంది. ఒక్క ముద్దకు సరిపడా పంపండి. డబ్బు తప్పక తీసుకోండి."

ఆదివారం ఆ పొడి పట్టుకుని మేమే బస్సెక్కాం. ఉన్నది ఒక్క గొడుగు. నా ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిశాయి. పొడి మాత్రం తడవలేదు.

ఆండాళమ్మ గారు అక్కడివాళ్ళు పెట్టిన వేడన్నంలో పొడి, నెయ్యి కలిపి కళ్ళు మూసుకుని తిన్నారు. చెయ్యి కడుక్కోవడానికి తొందరపడలేదు.

"ఇలాగే ఒక్క ముద్దకి కట్టి అమ్మరాదటమ్మా?" అన్నారు మధులికతో. "ఒంటిగా తినేవాళ్ళం ఎంతమందిమి లేము?"

తిరిగి వస్తూ బస్‌స్టాప్‌లో మధులిక అడిగింది, ఒకే వస్తువును రెండు సైజుల్లో పెట్టొచ్చా అని. మన కార్ట్‌లో పెట్టొచ్చు, రెండూ కలిపి ఒక వస్తువుగానే లెక్క అన్నాను. అక్కడే ఫోన్‌లో కొసరు బటన్ తీసేసి, ఒక్క ముద్ద పొట్లం పెట్టాం. కొసరు ఎవరికెంత వేయాలో ఇక ఆంటీ చేతికే వదిలేశాం.

బస్సు రాలేదు. ధైర్యం వచ్చింది.

"మధులికా, నేను మీ ఇంటికి వచ్చేది కార్ట్ కోసమే కాదు."

"తెలుసు. మూడు వారాల్లో తొమ్మిది పొట్లాల కందిపొడి కొన్నావు. మనిషన్నవాడు అంత తినలేడు."

"కొన్నావు అన్నారు."

"అన్నాను. మార్చుకోవాలా?"

"వద్దు."

లండన్‌లోని హౌన్స్‌లో, ఈస్ట్ హామ్ పేటల్లో గదులు పంచుకునే విద్యార్థులు ముద్ద పొట్లాలు పదేసి తెప్పించుకున్నారు. నెలాఖరున లాండ్రీ వాళ్ళు ఫోన్ చేస్తే ఆంటీ రానని చెప్పేశారు. ఫోన్ పెట్టి, మీవాళ్ళతో ఎప్పుడు మాట్లాడమంటావు బాబూ అని నన్నడిగారు.

ఆండాళమ్మ గారు ప్రతి శుక్రవారం ఒక్క ముద్ద పొట్లం తెప్పించుకునేవారు. ఈ చలికాలం ఆవిడ దాటలేదు. మీరు ఎక్కడైనా ఒంటిగా అన్నం వండుకుని, పొడి కలిపి మొదటి ముద్ద ఎత్తినప్పుడు, దయచేసి ఆవిడను ఒక్కసారి తలచుకోండి.