తూము మలుపు దగ్గర ఎడమకి లాగే బండి

పామర్రు దాటి కాలవ గట్టు మీద మూడు కిలోమీటర్లు పోతే ఒక తూము వస్తుంది. అక్కడ రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక అక్కడ తెల్లగా ఏదో నిలబడుతుందట. వచ్చేపోయేవాళ్ళని పిలుస్తుందట. పిలిస్తే ఆగకూడదు... వెనక్కి తిరిగి చూడకూడదు. చూశారా, బండెక్కి వెనక కూర్చుంటుంది – అని ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఇది లక్ష్మీకాంత్ నాకు చెప్పిన సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులోనే చేస్తాడు. వాళ్ళ ఊరు ఆ తూముకి ఇంకో నాలుగు కిలోమీటర్లు అవతల. రోజూ బండి మీదే వచ్చి పోతాడు.

నవంబరులో ఒక రాత్రి. సన్నగా మంచు. తూము దగ్గరికొచ్చేసరికి హెడ్‌లైటు వెలుగులోకి తెల్లగా ఏదో అడ్డం వచ్చింది.

బండి ఒక్క కుదుపు కుదిపింది. పడలేదు. ఎలా నిలదొక్కుకున్నాడో తనకే తెలీదు.

వెనక నుంచి ఒక కేక...

తిరిగి చూడలేదు. ఇంటి ముందు దాకా ఎక్సలేటరు వదల్లేదు.

"ఏమైందండీ, ఆ చెమటేంటి?" అంది భార్య సాయిశ్రీ.

"తూము దగ్గర... అది వచ్చింది."

ఆమె వెంటనే దేవుడి గదిలోంచి కుంకుమ తెచ్చి నుదుట పెట్టింది.

మర్నాటి నుంచీ బండి ఎడమకి లాగడం మొదలైంది.

మామూలు రోడ్డు మీద కొంచెమే. తూము మలుపులో మాత్రం – హ్యాండిల్ ఎవరో పట్టుకుని కాలవ వైపు గుంజుతున్నట్టే ఉండేది. కొన్ని వారాలకి శబ్దం కూడా తోడైంది. ముందు చక్రంలోంచి... ఊఁ... ఊఁ... అని. స్పీడు పెంచితే మూలుగు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

అది బండెక్కేసిందని లక్ష్మీకాంత్ నిశ్చయించుకున్నాడు. హ్యాండిల్‌కి నిమ్మకాయలు కట్టాడు. వెనక సీటు కనపడకుండా అద్దాలు పక్కకి తిప్పేశాడు. ఆ దారి గురించి ఎవరైనా మాట్లాడితే లేచి వెళ్ళిపోయేవాడు. అన్నం సయించేది కాదు. ఆఫీసులో మేం షుగరేమో చూపించుకోమనేవాళ్ళం.

జనవరిలో ఒక సాయంత్రం కూతురు భానుశ్రీని పామర్రులో పళ్ళ డాక్టరు దగ్గర నుంచి తీసుకొస్తున్నాడు. తూము మలుపులో బండి ఒక్కసారిగా పక్కకి పోయింది. ముందు చక్రం గట్టు అంచు దాకా వెళ్ళి ఆగింది. కింద కాలవ. పిల్ల నాన్న చొక్కా గట్టిగా పట్టేసుకుంది.

ఆ రాత్రి సాయిశ్రీ గట్టిగానే చెప్పింది.

"దెయ్యమో, భూతమో నాకు తెలీదు. రేపు బండి మెకానిక్కుకి చూపిస్తేనే నా కూతురు మళ్ళీ దాని మీద ఎక్కుతుంది."

ఆటోనగర్‌లో అంతోని అని ఒక పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా బండ్ల పని. నిమ్మకాయలు చూశాడు. బండికి సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేపి, టైరు మీద అరచెయ్యి పెట్టాడు. ఒకవైపు రాశాడు. మళ్ళీ ఎదురు రాశాడు.

"చెయ్యి పెట్టండి సార్."

ఒకవైపు రాస్తే నున్నగా ఉంది. ఎదురు రాస్తే రంపప్పళ్ళలా గీరుకుంది. ఎడమ పక్క గాడులు దాదాపు అరిగిపోయాయి. కుడి పక్క మాత్రం కొత్త టైరులా ఉంది.

"మీరు విన్న మూలుగు ఇదేనండి. అరుగుడు ఎగుడుదిగుడుగా ఉంటే రోడ్డు మీద అలాగే ఏడుస్తుంది."

గాలి చూశాడు – సరిగ్గానే ఉంది. చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపాడు – బేరింగుల్లో వదులు లేదు. అప్పుడు బండికి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు ఫోర్కుల్నీ చాలాసేపు చూశాడు.

"ఫోర్కు మెలి తిరిగింది. హ్యాండిల్ తిన్నగా పెడితే చక్రం ఎడమకి చూస్తోంది. మీ మలుపులో రోడ్డు కూడా కాలవ వైపు వాలి ఉంటుందే? అందుకే అక్కడ ఎక్కువ లాగుతోంది."

లక్ష్మీకాంత్‌కి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. రెండు నెలల్లో మొదటిసారి నవ్వాడట.

"దేన్ని గుద్దారు సార్?" అన్నాడు అంతోని, చేతులు తుడుచుకుంటూ.

"దేన్నీ గుద్దలేదే."

"గుద్దకుండా ఇలా అవదండి. రాయీ కాదు, గొయ్యీ కాదు – అదైతే రిమ్ము సొట్టపోయేది. మెత్తటిదే. బరువైంది. గేదేమో..."

లక్ష్మీకాంత్ మెల్లగా తూము సంగతి చెప్పాడు.

 అంతోని గొంతు తగ్గించి అన్నాడు –

"సార్... దెయ్యాన్ని గుద్దితే ఫోర్కు వంగదండి."

బండి అక్కడే వదిలేసి బస్సెక్కాడు లక్ష్మీకాంత్. పామర్రులో దిగి ఆటోలో తూము దాకా వెళ్ళాడు. కాస్త దూరంలో టీ బడ్డీ. అక్కడ అడిగాడు – నవంబరులో ఇక్కడ ఎవరికైనా దెబ్బ తగిలిందా అని.

"లస్కరు ఎలీషాకండీ. కాలవ నీళ్ళు చూసి, తూము తలుపులు ఎత్తే లస్కరు. చలికి తెల్ల దుప్పటి కప్పుకుని తూము చూసుకోడానికి వచ్చాడు. ఎవడో గుద్దేసి పోయాడు. తెల్లారేదాకా అక్కడే పడున్నాడు పాపం."

ఇల్లు చూపించారు. తలుపు ఎలీషా భార్య మార్తమ్మ తీసింది. లోపల మంచం మీద ఎలీషా. కుడికాలు మోకాలి కింద లేదు.

లక్ష్మీకాంత్ గుమ్మంలోనే నిలబడి, "నేనేనండీ" అన్నాడు. 

మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎలీషా మాత్రం అరవలేదు, తిట్టలేదు. మెల్లగా అన్నాడు –

"ఆ రాత్రి మీ తర్వాత ఇంకో నాలుగు బండ్లు పోయాయండీ. ఎవ్వరూ ఆగలేదు. గొంతు పోయేదాకా ప్రతి బండికీ అరిచాను – నేను ఎలీషానండీ, లస్కరు ఎలీషాని... దెయ్యాన్ని కాదండీ, మనిషినండీ అని."

ఆ సాయంత్రమే లక్ష్మీకాంత్ పోలీస్ స్టేషనుకి వెళ్ళి జరిగింది చెప్పుకున్నాడు. కేసు నడుస్తోంది. ఆదివారాలు ఎలీషాని కట్టు మార్చడానికి ఆస్పత్రికి తనే తీసుకెళ్తున్నాడు.

ఇదంతా చెప్పి ఊరుకున్నాడు. నాకు ఒక్క అనుమానం మిగిలిపోయింది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆ రాత్రి వెనక నుంచి కేక వినపడిందన్నావు కదా... మాటలేమైనా తెలిశాయా?"



"ఆయన పేరు వినపడింది" అన్నాడు లక్ష్మీకాంత్.